చుక్క రాని గుడారం

మూడుంబావుకు లోపలికి వచ్చి జిప్పు వేసుకున్నాను. నాలుగుంబావు వరకూ బయటికి రాకూడదని నియమం. గంటసేపు వానలో పెట్టి చూడకుండా ఒక గుడారం నీటిని ఆపుతుందని ఒప్పుకోవడం, పక్కింటివాళ్ళు చూశామన్నారని దయ్యాన్ని ఒప్పుకోవడం లాంటిదే. రాజమండ్రిలో మా మేడ మీద, గచ్చులో మేకులు దిగవు కనుక తాళ్ళకు నాలుగు వైపులా ఇటుకలు కట్టి నిలబెట్టిన ఈ గుండ్రటి గుడారంలో, డెబ్బై ఒక్క ఏళ్ళ మోకాళ్ళను ఎలాగో మడిచి చాప మీద కూర్చున్నాను. ఒడిలో నోటు పుస్తకం, పక్కన చేతి గడియారం, కాలేజీ ల్యాబ్‌లో పారవేస్తుంటే తెచ్చుకున్న థర్మామీటరు. గుడ్డ నారింజ రంగుది, అందువల్ల లోపలి వెలుతురూ నారింజ రంగే, నా చేతులూ అదే రంగు, ఎవరివో చేతుల్లా ఉన్నాయి. పైన వాన పేలాలు వేగుతున్నట్టు చిటపటలాడుతోంది. కొత్త ప్లాస్టిక్కు వాసన. కింద వీధిలో ఎవరిదో ఆటో స్టార్టు కాక దగ్గుతోంది. దూరంగా బ్రిడ్జి మీద రైలు, ఈ వానలో దాని మోత గోదావరి మీదుగా వస్తున్నట్టు కాక గోదావరి కిందుగా వస్తున్నట్టు ఉంది. ఇరవై తొమ్మిది డిగ్రీలు. రాసుకున్నాను. నీరు: లేదు.

ఎంపిక నాది. మా ఇళ్ళలో ప్రెషర్ కుక్కరు దగ్గరనుంచి ఇన్వర్టరు వరకూ ఏది కొన్నా జగన్నాథరావు మేస్టారు కాగితం మీద గీతలు గీసి, అటూ ఇటూ తూచి, ఇదీ అని చెప్పాలి. ముప్పై మూడేళ్ళు భౌతికశాస్త్రం చెప్పినందుకు దక్కిన పెత్తనం అది. పది రోజుల కిందట మా మీనాకుమారి ఫోను చేసింది. మీనా నా చెల్లెలి కూతురు, పొత్తిళ్ళలోంచి నా ఇంట్లోనే పెరిగింది, ఇప్పుడు కడియంలో భర్త గణేష్‌బాబుతో కలిసి నర్సరీ నడుపుతోంది. "మావయ్యా, మారేడుమిల్లి వెళ్దామనుకుంటున్నాం, పిల్లలు గోల పెట్టేస్తున్నారు. అడవిలో టెంట్ వేసుకుని రెండు రోజులు. వానకి ఆగేది, మరీ ఖరీదు కానిది నువ్వే చూడు" అంది. వెనకనుంచి దాని చిన్నది సాయిప్రసన్న ఫోను లాక్కుని, "తాతయ్యా, టెంట్‌లో బాత్రూం ఉంటుందా?" అని అడిగింది. ఉండదన్నాను. "మరి ఎంత సైన్సు కనిపెట్టి ఏం లాభం?" అంది. నవ్వాను. ఆ తరువాత చదవడం మొదలుపెట్టాను. గుడారపు గుడ్డ ఎంత నీటిని ఆపుతుందో మిల్లీమీటర్లలో చెబుతారు. అంటే ఆ గుడ్డ మీద అంత ఎత్తు నీటి స్తంభం నిలబెట్టినా అవతలికి ఊరదని. ఎంత చక్కటి కొలత. కుట్ల మీద టేపు ఉందా, నేల గుడ్డ అంచులు నాలుగు వేళ్ళెత్తు లేచి ఉన్నాయా, కడ్డీలు గాలికి వంగి మళ్ళీ లేస్తాయా. చివరికి రెండు మిగిలాయి. ఒకటి ఈ నారింజది: ఒకటే పొర, ఎక్కడా సందు లేదు, కొన్నవాళ్ళందరూ మెచ్చుకున్నారు, చుక్క రాలేదని. రెండోది బూడిద రంగుది: లోపల వల, పైన టోపీలా వేరే గుడ్డ, రెంటికీ నడుమ గాలి ఆడే జాగా, నడినెత్తిన ఆవిరి పోయే కన్ను. దాని కింద సగంమంది ఫిర్యాదులే, చలిగాలి వస్తోందని, జల్లు కొట్టిందని. రెండూ తెప్పించాను. రెండోది అట్టపెట్టెలోనే మెట్ల దగ్గర ఉంది. ఒకటి తిప్పి పంపాలి. నిజానికి తేల్చడానికి ఏమీ లేదు. గాలి ఆడే గుడారం ఏదో ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. అయినా ఈ మూసుకున్న దానిలోనే కూర్చున్నాను.

పొద్దున్న గణేష్‌బాబు మాట్లాడాడు. మంచివాడు, మొక్కల లారీలు ఎక్కించే హడావిడిలో ఉన్నా నాతో మాట్లాడేటప్పుడు నిలబడి మాట్లాడతాడని మీనా చెబుతుంది. "మావయ్యగారూ, బొగ్గుల పొయ్యి కూడా పట్టుకెళ్తున్నామండి. చికెన్ కాల్చుకోడానికి. వానొస్తే దాన్ని టెంట్‌లోకి లాగేసుకుంటాం, పిల్లలకి వెచ్చగా కూడా ఉంటుంది" అన్నాడు. వద్దన్నాను. ప్రమాదం అన్నాను. "పొగేం రాదండి. పొగంతా పోయి కణకణలాడాకే లోపల పెడతాం కదండి" అన్నాడు. పొగ కాదు బాబూ ప్రమాదం, అని మొదలుపెట్టి, బొగ్గు అరకొరగా మండితే వచ్చే వాయువు గురించి, దానికి రంగూ వాసనా లేకపోవడం గురించి రెండు నిమిషాలు చెప్పాను. అటువైపు ఎవరో కూలీతో మల్లెమొక్కలు పైన పెట్టమంటున్నాడు. ఫోనులోకి తిరిగివచ్చి నవ్వాడు. "మావయ్యగారు ఇన్వర్టరు దగ్గర కూడా ఇలాగే అన్నారండి. గీజరు దగ్గరా అన్నారు. మీ లెక్కన మేం ఈపాటికి నాలుగుసార్లు పోయుండాలండి." నేనూ నవ్వవలసి వచ్చింది. ప్రతి దానికీ జాగ్రత్త చెప్పినవాడి జాగ్రత్తకు విలువ ఉండదు. పాఠం చెప్పేవాడికి ఇది తెలియాలి: సూత్రం ఎవరికీ గుర్తుండదు, ఉదాహరణ గుర్తుంటుంది. నా దగ్గర ఉదాహరణ ఉంది. ముప్పై తొమ్మిదేళ్ళుగా ఉంది. నాలుగు గంటలకు మీనా వస్తానంది, గుడారం తీసుకెళ్ళడానికి. రేపు తెల్లవారగానే వాళ్ళ ప్రయాణం.

మూడున్నర. ముప్పై డిగ్రీలు. తల పైన, కడ్డీలు కలిసే చోట గుడ్డ మీద సన్నటి చెమట. వేలితో తాకి చూశాను. వాన కాదు. వాన అయితే కుట్టు వెంట వస్తుంది, ఇది గుడ్డంతా సమంగా పొగమంచులా పట్టింది. నేను వదిలిన ఊపిరి చల్లటి గుడ్డకు తగిలి నీరవుతోంది. పావుగంటలో ఒక ముసలివాడి ఊపిరి ఇంత. నలుగురు పడుకుంటే ఎంత. పొగ పోయాకే. అమ్మ కూడా ఆ మాటే అంది. అక్షరం తేడా లేదు. ఆవిడా గణేష్‌బాబూ ఒకరినొకరు చూడనైనా చూడలేదు, ఆవిడ పోయిన మూడేళ్ళకు గాని మీనాకు పెళ్ళి కాలేదు. అయినా ఆ వాక్యం ఒకే తీరులో, ఒకే నమ్మకంతో, పొగ కంటికి కనబడుతుంది కనుక పొగే శత్రువనే నమ్మకంతో, ఏటిగట్టు మీదనుంచి కడియం దాకా చెక్కుచెదరకుండా నడిచి వచ్చింది.

ఎనభై ఆరు వరదలో, గోదావరి నడుమ ఉన్న మా లంక ఊరు మునిగింది. లంకలోని వాళ్ళందరినీ పడవల మీద ఏటిగట్టుకు చేర్చారు. అప్పటికి ఏడేళ్ళుగా నేను రాజమండ్రి కాలేజీలో లెక్చరర్ని, పెళ్ళయి ఆరు నెలలు. నా భార్య వీరవేణితో కలిసి గట్టు చేరేసరికి అమ్మ, నాన్న, పురిటికి వచ్చిన చెల్లెలు లోవలక్ష్మి, ఇరవై రోజుల పసిపిల్ల ఒక కొబ్బరిచెట్టు మొదట్లో నులకమంచం వేసుకుని, దాని మీద గోనెలు కప్పుకుని ఉన్నారు. లోవలక్ష్మి అంటే తుని దగ్గర లోవ అమ్మవారికి మొక్కుకుంటే పుట్టిందని అమ్మ పెట్టిన పేరు. మొక్కు మీద నాకు నమ్మకం లేదు, పేరు మీద ఎప్పుడూ కోపం రాలేదు. గట్టు పొడవునా తాటాకులూ, ఈతచాపలూ, చీరలూ అడ్డం పెట్టుకుని జనం, వాళ్ళ నడుమ గేదెలు, అన్నిటి మీదా ఒకటే వాన. నేను బియ్యం లారీ మీద కప్పే టార్పాలిన్ పట్టా అడిగి తెచ్చాను. నాలుగు వెదురు బొంగులు పాతి, పట్టా వేసి, నీరు నిలవకుండా వాటం చూసి, అంచులన్నీ నేలకు దించి గట్టు మన్నుతో కప్పి కాలితో తొక్కాను. ముందు వైపు రెండు చెంగులు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టి తాడుతో బిగించాను. తెలిసినవన్నీ వాడాను, వాలు, కోణం, గాలి దిశ. అంత శ్రద్ధగా నేను మరే పనీ చేయలేదు. పక్క చాప కింద తడుస్తున్న పెద్దాయన చూసి, "మేస్టారు బాలింతరాలికి బంగళా కట్టేశారండి. మాకూ ఒక గది అద్దెకిప్పించండి" అన్నాడు. నలుగురూ నవ్వారు. నేను లోపలికి వెళ్ళి, నేల తడిమి, బయటికి వచ్చి అందరికీ వినబడేలా అన్నాను: "ఒక్క చుక్క రాదు."

అది గర్వమే. ఇప్పుడు వేరే పేరు పెట్టి ప్రయోజనం లేదు. బాలింతకు కుంపటి పెట్టడం మా ఇళ్ళలో ఉన్నదే. నీళ్ళు పోశాక జుట్టుకు సాంబ్రాణి, చెవుల్లో దూది, మంచం కింద కుంపటి. తాటాకు పాకలో ఎన్ని తరాల బాలింతలు దాని మీద పడుకుని లేచారో. పాక ఊపిరి తీస్తుంది, తడికల మధ్య, ఆకుల మధ్య, చూరు కింద, ఎటు చూసినా సందులే. ఆ ఆచారానికి తోడు ఆ సందులుండేవి. ఎవరూ వాటిని ఆచారంలో చేర్చి చెప్పలేదు, ఎందుకంటే ఎవరూ వాటిని పెట్టలేదు, అవే ఉన్నాయి. నేను పట్టా తెచ్చి వాటిని మూశాను. అమ్మ బయట గొడుగు కింద బొగ్గులు రాజేసి, విసనకర్రతో విసిరి, ఎర్రబడ్డాక తెచ్చింది. "పొగ పోయాకే తెచ్చానురా" అంది. నేను చూశాను. మంచి పని చేశావమ్మా, పొగ లేని నిప్పే ఆరోగ్యం అన్నాను. ఎమ్మెస్సీ చదివినవాడు అన్నాడు గనుక ఆవిడకు ఇంకో ఆలోచన రాలేదు.

దుప్పటిలోంచి లోవలక్ష్మి అంది: "అన్నయ్యా, వెచ్చగా హాయిగా ఉంది గానీ, తల దిమ్ముగా ఉంది. ఈ మూల కొంచెం ఎత్తకూడదా?"

"ఎత్తితే జల్లు కొడుతుందమ్మా. ఒక్క గంట ఓర్చుకో. వాన తగ్గాక ఎత్తుతాను."

"నీ బంగళాకి కిటికీ పెట్టలేదేంటి మరి?" అంది, కళ్ళు మూసుకునే, నవ్వుతూ.

మూడూ నలభై. ఒక్క గంట. వీరవేణి పసిదాన్ని చీరకొంగులో చుట్టుకుని, గట్టు చివర స్కూల్లో నర్సమ్మ వచ్చిందంటే చూపించడానికి వెళ్ళింది. అమ్మ పక్కవాళ్ళ పొయ్యి మీద గంజి కాస్తోంది. నాన్న గేదెల దగ్గర. నేను పడవ రేవు దగ్గర, బియ్యం మూటలు వరస ప్రకారం ఇవ్వడం లేదని ఎవరో ఉద్యోగితో న్యాయం మాట్లాడుతున్నాను. చక్కగా మాట్లాడాను, అందరూ నా వైపు వచ్చారు. తిరిగి వచ్చేసరికి గంట దాటింది, వాన తగ్గలేదు. తాడు విప్పి లోపలికి వంగాను. పొడిగా ఉంది. ఎక్కడా తడి లేదు. చెల్లెలు ఒక చెయ్యి మంచం పట్టె మీదనుంచి వేలాడేసి నిద్రపోతోంది, చెయ్యి పట్టా వైపు చాచి ఉంది. బుగ్గలు ఎర్రగా, పెదవులు గులాబీరంగుగా, పెళ్ళినాడు కూడా దానికి అంత రంగు లేదు. రెండు అడుగులు వేశానో లేదో నాకు కణతలు పోటెత్తాయి, మోకాళ్ళు తేలిపోయాయి. అప్పుడే తెలిసింది. ఆ క్షణమే, ఆ రంగు చూస్తూనే. తెలియలేదని నాకు నేను నచ్చజెప్పుకోవడానికి తరువాత చాలా నెలలు కష్టపడ్డాను గాని, తెలిసింది. బొగ్గు వాయువు ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లు గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది, పట్టుకున్న రక్తం అలా ఎర్రబడుతుంది. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు వచ్చాయి. పట్టా అంచు రెండు చేతులా పట్టుకుని పెరికి పైకి విసిరాను. వాన దాని ముఖం మీద పడింది. కుంపటిలో నీళ్ళు పడి, మొదటిసారి పొగ లేచింది.

పొగ. దాన్ని చూసి జనం, చూశారా, ప్రాణం అలా లేచిపోయింది అన్నారు. ముఖంలో లక్ష్మీకళ ఉందన్నారు, గోదారమ్మ పసుపు కుంకుమలతో పిలిపించుకుందన్నారు. అమ్మ ఏమీ అనలేదు ముందు. మూడో నాడు అంది, పిల్ల పుట్టిన ఘడియ అడిగి ఎవరో పంచాంగం చూశాక. తల్లిని మింగింది అంది. లోవలక్ష్మి భర్త బుల్లిరాజు పదిహేనో నాడు వచ్చి, పిల్ల ముఖం చూడకుండా, గట్టు దిగువనే నిలబడి మాట్లాడి వెళ్ళాడు. ఏడాది తిరక్కుండా మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. శాంతి చేయించాలన్నారు. నేను ఒప్పుకోలేదు. గట్టు మీద అందరి ముందూ నిలబడి, నక్షత్రాలకు మనుషుల ఊపిరితో పని లేదని, పసిపిల్లకు దోషం అంటగట్టడం పాపమని, ఉపన్యాసంలా చెప్పాను. చప్పట్లు కొట్టే చోటు కాదు గనుక కొట్టలేదు. ఆ పక్క చాప పెద్దాయన ఒక్కడే అడిగాడు: "మరి ఎందువల్ల పోయిందంటారు మేస్టారూ?" అదే అసలు ప్రశ్న. శాస్త్రం అంటే ఆ ప్రశ్నే. నేను ఎడతెగని వాన వైపు చూసి, బాలింత, నీరసం, చలి అన్నాను. చలి. దానికి చలి తగలకుండా నేను చేసిన పని అందరూ చూశారు, అందుకని అందరూ జాలిగా నా వైపు చూశారు. కారణం ఖాళీగా వదిలిన చోట నక్షత్రం వచ్చి కూర్చుంటుంది. నేను ఖాళీ వదిలాను.

అమ్మ కోసమే చెప్పలేదని అనుకునేవాడిని. కుంపటి ఆవిడ చేతులతో పెట్టింది, తెలిస్తే బతకదని. ఈ వాదాన్ని ఎన్నిసార్లు పరీక్షించినా నిలబడదు. అమ్మ పద్ధెనిమిదేళ్ళ కిందట పోయింది. అప్పటినుంచీ ఎవరి కోసం? వీరవేణికీ చెప్పలేదు, అదీ పోయి నాలుగేళ్ళు. ఇరవై ఏళ్ళపాటు ఊరూరా తిరిగి నిప్పుల మీద నడిచి చూపించాను. బొగ్గు వేడిని మెల్లగా వదులుతుంది, బూడిద అడ్డం ఉంటుంది, అడుగు చురుగ్గా వేస్తే కాలదు, ఇందులో మహిమ లేదు, అని మైకులో చెబుతూ నడిచేవాడిని, పిల్లలు ఈలలు వేసేవారు. రెండు జిల్లాల్లో నిప్పు గురించి నా అంత వివరంగా చెప్పినవాడు లేడు. ఒక్క కుంపటి గురించి తప్ప. మీనా ఆ సభలకు వచ్చి ముందు వరసలో కూర్చునేది, రెండు జడలతో, మా మావయ్య అని పక్కవాళ్ళకు చెబుతూ. ఇంటికి వచ్చాక అమ్మమ్మకు మంచినీళ్ళ గ్లాసు తెచ్చేది. అమ్మ, "అక్కడ పెట్టు" అనేది. పిల్ల వెళ్ళాక ఆ నీళ్ళు తులసికుండీలో పోసి తనే ముంచుకు తాగేది. ఎప్పుడూ కొట్టలేదు, తిట్టలేదు. నీళ్ళు మాత్రం తాగలేదు. నేను పేపరు చాటున కూర్చుని అది చూసేవాడిని. మూఢత్వం అనుకునేవాడిని.

ముప్పై ఒకటిన్నర డిగ్రీలు. చెమట చుక్కలుగా మారి గుడ్డ వెంట జారుతోంది. రావులపాలెం అరటి మార్కెట్టుకు కాయ పంపేముందు నాన్న మా గదిలోనే గెలలు మగ్గవేసేవాడు. మట్టి గది, ఒకటే తలుపు, కిటికీ లేదు, గెలలు పేర్చి పొగబెట్టి తలుపు సందులన్నీ పేడతో మెత్తేవారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. తలుపు తీయగానే పండు వాసన, లోపలికి దూకబోతే నాన్న రెక్క పట్టుకుని ఆపాడు. "ఆగరా. గదిని ఊపిరి పీల్చుకోనీ, తర్వాత నువ్వు పీల్చుకో." గడప మీద కూర్చుని ఒక చుట్ట కాల్చేంతసేపు కూర్చోబెట్టాడు. అక్షరం ముక్క రాని మనిషి. వరద నాడు నాన్న గేదెల దగ్గర ఉన్నాడు, బాలింత దగ్గరకు మగవాళ్ళు రాకూడదని దూరంగా ఉన్నాడు. పట్టా కట్టింది చదువుకున్న కొడుకు గనుక దగ్గరకు వచ్చి చూడలేదు. చూసి ఉంటే. ఈ చూసి ఉంటే అన్నది శాస్త్రంలో ఉండదు, ప్రయోగం మళ్ళీ చేయగలిగితేనే దానికి అర్థం.

నాలుగూ ఎనిమిది. మెట్ల మీద చెప్పుల చప్పుడు, తడి గొడుగు దులిపిన చప్పుడు.

"ఏంటి మావయ్యా, నిజంగానే లోపల కూర్చున్నావా? కింద తలుపులు బార్లా తీసున్నాయి, ఫోనెత్తవు. గుండె ఝల్లుమంది నాకు."

"ఇంకా ఏడు నిమిషాలుంది."

"నీ నిమిషాలు నా వల్ల కాదు బాబూ" అంటూ జిప్పు లాగి, గొడుగు బయట వదిలి, వంగి లోపలికి వచ్చి, జిప్పు మళ్ళీ వేసి నా ఎదురుగా కూర్చుంది. నారింజ వెలుతురు దాని ముఖం మీద, పెదవుల మీద పడింది. నేను గడియారం వైపు చూశాను. అది తల ఎత్తి చూసింది. "ఇదేంటి, కారుతోందే."

"కారడం లేదు. అది నా ఊపిరి."

"ఓహో. మా పాలీహౌస్‌లో మొక్కల మీది ప్లాస్టిక్ షీటుకి పట్టినట్టే." వేలితో ఒక చుక్కను తుడిచి చీరకు రాసుకుంది. "ఐతే ఇదేనా, మెట్ల దగ్గర పెట్టెలోదా? మా పెద్దాడు భానుతేజ నిన్నట్నించి బ్యాగు సర్దుకుని దాని మీదే పడుకుంటున్నాడు. వాళ్ళ నాన్న బొగ్గుల బస్తా కారెక్కించేశాడు."

"బొగ్గుల పొయ్యి వద్దని చెప్పాను."

"చెప్పావట. ఆయన వింటారా? పొగ పోయాకే కదా మావయ్యా లోపల పెడతారు."

ఆ మాట వినడం మూడోసారి. అప్పుడు చెప్పాను. ఎలా మొదలుపెట్టాలో ఎన్నో ఏళ్ళుగా కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ రాలేదు. "మీ అమ్మ నక్షత్రం వల్ల పోలేదమ్మా. చలి వల్లా పోలేదు" అన్నాను. తరువాత వరసగా, పట్టా, మన్ను, తాడు, కుంపటి, నేను అమ్మతో అన్న మాట, లోవలక్ష్మి నాతో అన్న మాట, నేను ఇచ్చిన జవాబు. ఎక్కడా విశేషణం వాడలేదు. మీనా కదలలేదు. వాన ఒకసారి బలంగా కొట్టి, సన్నబడి, మళ్ళీ పట్టుకుంది. దాని మోకాలి మీద పైనుంచి ఒక చుక్క పడింది, చూసుకోలేదు.

"మూల ఎత్తమని అడిగిందా?" అంది.

"అడిగింది."

"అమ్మమ్మకి తెలుసా?"

"తెలియదు."

"అత్తకి?"

"ఎవరికీ చెప్పలేదు."

అది నేల గుడ్డ మీద ముడతను అరచేత్తో సాపు చేసింది, ఒకసారి, ఇంకోసారి. తరువాత నర్సరీలో ఎవరికో పని అప్పగిస్తున్న గొంతుతో, మెల్లగా అంది: "మా దగ్గరికి కొత్తగా కూలికొచ్చినోళ్ళకి మొదటిరోజే చెప్తామండి. పాలీహౌస్ షీటు పూర్తిగా దించెయ్యొద్దు, కింద ఒక జానెడు ఎత్తుంచండి, మొక్కలకి ఉక్క పోస్తుంది అని. చదువుకోనోళ్ళే. ఒక్కసారి చెప్తే చాలు, మర్చిపోరు."

నేను ఒడిలో నోటు పుస్తకం మూశాను.

"ఆఖర్రోజు ఆస్పత్రిలో అమ్మమ్మ నోరు ఎండిపోతోందని చెంచాతో నీళ్ళు పట్టాను. పళ్ళు బిగించేసుకుంది. మీరు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు." లేవబోయి, గుడ్డకు తల తగిలి, మళ్ళీ వంగింది. "నాకు పెళ్ళి కుదిరినప్పుడు కూడా వాళ్ళ వైపు వాళ్ళు అడిగారంట కదా, తల్లిని మింగిన పిల్లేనా అని. మీరేగా సర్దిచెప్పారు. ఏం చెప్పారండీ వాళ్ళకి?"

అప్పట్లో వాళ్ళకు మూఢనమ్మకాలు పట్టించుకోవద్దని చెప్పాను. జవాబు కోసం ఆగలేదు అది. జిప్పు లాగి బయటికి వెళ్ళింది. గొడుగు తీసిన చప్పుడు రాలేదు. తడి గచ్చు మీద చెప్పులు, తరువాత మెట్ల దగ్గర దాని గొంతు, ఫోనులో, ఎప్పటి గొంతే: "ఏవండీ, ఆ బొగ్గుల బస్తా దింపించెయ్యండి. ఆ... పొయ్యి కూడా. ఎందుకంటే ఇంటికొచ్చి చెప్తాను. నవ్వకండి. దింపించెయ్యండి అంటున్నాను కదా." ఆ తరువాత పెట్టెను మెట్ల మీద ఒక్కొక్క మెట్టూ దించుతున్న చప్పుడు. రెండోది తీసుకెళుతోంది. అది ఎంచుకుంది.

నాలుగుంబావు ఎప్పుడో దాటింది. నోటు పుస్తకంలో రాయవలసినది రాశాను. గంటసేపు వానకు బయటి నీరు ఒక్క చుక్క లోపలికి రాలేదు. లోపల ఉన్న నీరంతా లోపలిదే. తల ఎత్తి తలుపు వైపు చూశాను. వెళుతూ అది జిప్పు తిరిగి వేసింది, కాని చివరి వరకూ వేయలేదు. రోజూ చేసే పని కనుక చెయ్యి దానంతట అదే ఆగిందో, మరెందుకో, నేను తేల్చగలిగిన విషయం కాదు. కింద జానెడు తెరిచి ఉంది. అందులోంచి చల్లగాలి వస్తోంది, జల్లు వస్తోంది, చాప అంచు తడిసింది, తడి నా మడిచిన కాళ్ళ దాకా వచ్చింది. చెయ్యి చాస్తే జిప్పు అందుతుంది. నేను చాచలేదు.